పెద్దమనిషి తెచ్చిన కాఫీ

జగిత్యాలలో మా కాఫీ హోటల్ ఉన్న చోట ఇప్పుడూ హోటలే ఉంది. కాని అది మాది కాదు. అసలది మాదని ఎందుకంటున్నానో చెప్పడానికే ఇది రాస్తున్నాను. నాకు అక్షరాలు వచ్చింది అరవై దాటాక. సోకుగా రాయడం రాదు. జరిగింది రాస్తాను.

ఆ హోటల్ కట్టించింది మా సేటు తండ్రి. ఊరంతా చాయ్ తాగే కాలంలో కాఫీ హోటలేమిటని అందరూ నవ్వారట. ఆయన వినలేదు. బొంబాయి నుంచి వంపు కుర్చీలు తెప్పించాడు. పాలరాయి బల్లలు వేయించాడు. గోడకు నిలువెత్తు అద్దం, పొడుగాటి కడ్డీలకు వేలాడే ఫ్యాన్లు, పర్దా వెనక ఆడవాళ్లకు వేరే గది. పని మీద వచ్చిన పల్లెటూరివాళ్లు ఆ అద్దంలో తల దువ్వుకుని పోకపోతే జగిత్యాల వచ్చినట్టే కాదు.

కప్పు అంచున నీలం గీత ఉండేది. తక్కిన హోటళ్లలో మావాళ్లకు గ్లాసు వేరు. బయట గోడ మీద ఉండేది. తాగి, మనమే కడిగి, మళ్లీ అక్కడే పెట్టాలి. ఈ హోటల్లో మాత్రం ఎవరొచ్చినా అదే నీలం గీత కప్పు. అది చూసే మా అమ్మ మల్యాల నుంచి వచ్చి ఇక్కడ కప్పులు కడిగే పనికి కుదిరింది. అమ్మ తర్వాత నేను. కడగడం నుంచి డికాషన్ తీసే దాకా వచ్చాను.

ఒక్క కట్టుబాటు ఉండేది. పనివాళ్లం హాలులో కుర్చీల మీద కూర్చోకూడదు. మా కాఫీ మేం వెనక భట్టి పొయ్యి దగ్గర పీటల మీద కూర్చుని తాగేవాళ్లం. సేటు గల్లా దిగి వచ్చి, మా దగ్గర నిలబడి తాగేవాడు. మంచివాడే. మమ్మల్ని హాలులోకి మాత్రం పిలవలేదు.

అరవైతొమ్మిది తెలంగాణ గొడవల్లో కాలేజీ పిల్లలు లాఠీ దెబ్బలు తిని ఈ షట్టర్ కింద నుంచి దూరడం చూశాను. మళ్లీ ఉద్యమం లేచినప్పుడు హోటల్ ఉద్యమానిదే అయిపోయింది. అద్దం కింది బల్ల దగ్గర ఒక వకీలు కూర్చునేవాడు. మాటకారి. బంద్ ఎప్పుడో, ధూంధాం ఎక్కడో అక్కడే తేలేది. బంద్ రోజుల్లో ముందు షట్టర్ దించి వెనక తలుపు తెరిచేవాళ్లం. బంద్ పిలిచినవాళ్లే ఆ తలుపులోంచి వచ్చి కాఫీ తాగిపోయేవాళ్లు.

రోడ్డు మీద వంటావార్పు పెట్టిన రోజున హోటల్ బల్లలు, కుర్చీలు అన్నీ మోసుకుపోయి రోడ్డుకు అడ్డంగా వేశారు. నేను అక్కడే పొయ్యి పెట్టి కాఫీ కాచాను. వకీలు ఒక కుర్చీ లాగి నా ముందు వేశాడు.

"కూసో అక్కా."

"వద్దు వకీల్ సాబ్. సేటు సూస్తుండు."

"సేటేమంటడు? ఇది సేటు హాలా? సర్కారు రోడ్డు!"

అందరూ నవ్వారు. సేటు కూడా నవ్వాడు. "కూసో బేటీ. కుర్సీ ఇరిగితే వకీల్ సాబ్ మీద కేసేద్దాం" అన్నాడు.

కూర్చున్నాను. తుడవడమే తప్ప ఆ కుర్చీ వీపుకు ఎలా ఆనుతుందో నాకు అంతకుముందు తెలియదు. వకీలు నీలం గీత కప్పులో కాఫీ తెచ్చి చేతికిచ్చాడు. "యాదికుంచుకో అక్కా. తెలంగాణ అచ్చినంక గీ కుర్సీలనే, గా హాల్ల నట్టనడుమ కూసుంటవు. కాఫీ నేనే తెస్త."

ఆ ఏడాదే సేటుకు మోకాళ్లు పట్టేశాయి. ఆయనకు ఇద్దరూ ఆడబిడ్డలే, ఎవరి కాపురాలు వాళ్లవి. ఒకనాడు మా ముగ్గురినీ భట్టి దగ్గరికి పిలిచాడు. ముగ్గురమంటే నేను, బిస్కెట్లు కాల్చే కోరుట్ల ఆయన, మగ్గం ఆగిపోయి సిరిసిల్ల నుంచి వచ్చి సప్లయర్‌గా చేరిన తమ్ముడు.

"ఇగ నాతోటి గాదు. మీరే నడుపుకోండ్రి. మీ పేర్ల మీదనే కాగితం రాస్త. బోర్డు మార్సద్దు, కప్పులు మార్సద్దు. గంతే" అన్నాడు.

మాట ఖాయం చేయడానికి వకీలునే పెద్దమనిషిగా పెట్టుకున్నాం. మా దిక్కు పద్ధతి ఒకటుంది. ఒక మాట పెద్దమనిషి చేతిలో పెట్టాక దాని గురించి రెండు పక్షాలూ నేరుగా మాట్లాడుకోవు. మాట్లాడితే పెద్దమనిషిని నమ్మనట్టు, ఆయన ముఖాన ఉమ్మినట్టు. పెండ్లి మాటైనా, పొలం గట్టు తగువైనా అంతే.

కాగితం రాసే రోజున వేలిముద్ర వేయకూడదని నేను పెద్దవాళ్ల బడిలో చేరాను. సిరిసిల్ల తమ్ముడు వెక్కిరించేవాడు.

"ఏందక్కా, కలెక్టరయితవా?"

"అయితే నిన్నే బంట్రోతుగ పెట్టుకుంట. పో, బల్ల తుడువు."

తెలంగాణ వచ్చింది. గులాల్ చల్లుకున్నాం. మా కాగితం మాత్రం రాలేదు. ఒకరోజు వకీలు వెనక తలుపులోంచి వచ్చి గొంతు తగ్గించి చెప్పాడు. "సేటు మనసు మారిందక్కా. ఇయ్యనంటుండు. మీరేం అడుగకుండ్రి. ముసలాయన, బాధవడ్తడు."

ఆ పొద్దు గల్లా దగ్గర సేటుకు కాఫీ పెడితే ఆయన నా ముఖం చూడలేదు. మాట తప్పినవాడికి సిగ్గేసిందనుకున్నాను. ఏమీ అడగలేదు. పెద్దమనిషి వద్దన్నాక ఎలా అడుగుతాను? కొన్నాళ్లకు రిపేర్లని హోటల్ మూసి మమ్మల్ని ఇళ్లకు పంపారు.

మళ్లీ తెరిచే రోజున వకీలు మనిషిని పంపి నన్ను పిలిపించాడు. అప్పటికి ఆయనకు పెద్ద పదవి వచ్చింది. హోటల్ ముందు నిలబడి బోర్డు కూడబలుక్కుని చదివాను. మా హోటల్ పాత పేరు కాదు. వకీలు బామ్మర్ది పేరు.

లోపల అంతా సోఫాలే. చూడటానికి బాగుంటుందని నట్టనడుమ ఒక్క పాలరాయి బల్ల, రెండు వంపు కుర్చీలు ఉంచారు. ఒకదాంట్లో శాలువా కప్పుకుని సేటు కూర్చున్నాడు. రెండోదాంట్లో నన్ను కూర్చోబెట్టారు. వకీలు తానే కాఫీ తెచ్చి నా ముందు పెట్టాడు.

"అన్న మాట తప్పిన్నా అక్కా?" అని అందరికీ వినబడేలా అడిగాడు. చప్పట్లు కొట్టారు. ఫోటోలు తీశారు.

ఆ సందట్లో సేటు నా వైపు వంగాడు. "నువ్వే వద్దంటివట గదా బేటీ. గీ వయసుల మాకెందుకీ తిప్పలన్నవట. అందుకే వకీల్ సాబ్ బామ్మర్దికి రాసిచ్చిన."

"నేనెప్పుడన్న సేట్ సాబ్? నువ్వే ఇయ్యనంటివట గద!"

సేటు భుజం మీది శాలువా తీసి, మడతపెట్టి, బల్ల మీద పెట్టాడు.

నేను గట్టిగానే అడిగాను. "వకీల్ సాబ్, ఎవలు వద్దన్నరు? ఎవలు ఇయ్యనన్నరు?"

ఆయన నవ్వు ఆపలేదు. వంగి నా చెవిలో, "తాగక్కా, సల్లారుతది. అందరు సూస్తున్నరు" అన్నాడు.

అందరూ చూస్తున్నారు, నిజమే. నడుమ కూర్చోబెడతానన్నాడు, కూర్చోబెట్టాడు. కాఫీ తెస్తానన్నాడు, తెచ్చాడు. చిన్న మాట పదిమందిలో నిలబెట్టుకుని పెద్ద మాట మింగేశాడు. ఇక నేను నోరు తెరిస్తే విశ్వాసం లేనిదాన్ని నేనే.

కప్పు ముట్టుకోకుండా లేచాను. దాన్ని తీయడానికి వచ్చింది సిరిసిల్ల తమ్ముడు. కొత్త యూనిఫాం వేసుకున్నాడు. నాకు ఒక్క మాట చెప్పకుండానే అందులో చేరాడు. నన్ను చూడకుండా కప్పు తీసుకుపోయాడు. మగ్గం పోయినవాడు ఏం చేస్తాడు పాపం అని కోరుట్ల ఆయన అంటాడు. నేను అనను.

తెల్లారి సేటు ఆటోలో మా ఇంటికి వచ్చాడు. చేతిలో పేపరుంది. ఆయనకు ఉర్దూ తప్ప తెలుగు చదవడం రాదు.

"మన ఫోటో ఏసిన్రు. ఏం రాసిన్రో సూడు బేటీ."

వేలు పెట్టి చదివాను. వకీలు పేరుంది, పదవుంది. బామ్మర్ది పేరుంది. మా ఇద్దరి పేర్లు లేవు. ఫోటో కింద 'అభిమానులతో కాసేపు' అని ఉంది.

"అభిమానులంటే ఎవలు?"

"మనమే సేట్ సాబ్."

సేటు పేపరును నా వైపు జరిపాడు. "ఇంకోపారి సదువు" అన్నాడు.

మళ్లీ చదివాను. రెండోసారీ అదే ఉంది.