గూటిలోని నూనె సీసా

హట్టి బంగారు గనిలో షిఫ్టుకు వెళ్లే మొగుడు ప్రకాశప్ప నుదుట, పాస్టరు ప్రార్థించి ఇచ్చిన నూనె రాయనిదే ఎస్తేరమ్మ అతన్ని గడప దాటనిచ్చేది కాదు. ఆ పొద్దున సీసా చేతిలోంచి జారి పగిలింది.

"ఇయ్యాల పోవద్దు. నూనె లేకుంట గనిల దిగొద్దు," అని వాకిట్లో అడ్డం నిలబడింది.

"పక్కింటి నింగమ్మ మొగనికి తాయెత్తు కడితె విగ్రహారాధన అని లొల్లి వెడ్తివి. మరి గిదేంది?" అంటూ ప్రకాశప్ప అన్నం డబ్బా అందుకొని వెళ్లిపోయాడు.

ఆమెకు ఒళ్లు మండింది. చీపురు పట్టింది, విసిరేసింది. చివరికి మోకరించి "ప్రభువా" అంది. కళ్లు తెరిచి చూసుకుంటే, తాను సీసా ఉండే గోడ గూటికి ఎదురుగా ఉంది. రోజూ ఆ సీసా వైపే మోకరిస్తున్నానని అప్పుడు తట్టింది.

లేచి, గూటికి వీపు పెట్టి మళ్లీ మోకరించింది. మెడ మాత్రం వెనక్కే లాగుతోంది.