ముక్కు మూసిన బాయిలరు

దీపావళి పూట కొత్తల్లుడి ఒంటికి నూనె రాయించే అత్తలు ఊరూరా ఉంటారు. ఆ నూనె మీద బూడిద కూడా అద్దించిన అత్తను మాత్రం బహుశా నేనొక్కదాన్నే. ఇంకెవరైనా ఉంటే చెప్పండి, వెళ్ళి పలకరించి వస్తాను. ఇద్దరం కలిసి ఏడవడానికి బాగుంటుంది.

ఇది జరిగి నాలుగైదేళ్ళయింది. అప్పటికే నాకు అరవై దాటాయి కనుక చిన్నతనం అని తప్పించుకోను. నాకు అక్షరాలు ఆలస్యంగా వచ్చాయి గాని, ప్రతి వస్తువునూ పట్టుకుని ఇదెందుకు ఇలా ఉంది అని అడిగే గుణం పుట్టుకతోనే వచ్చింది. నన్ను ముంచింది ఆ గుణమే.

మా అమ్మాయి సుజాత పెళ్ళిలో మగపెళ్ళివారికి విడిదింట్లో వేడినీళ్ళు అందలేదు. మా వియ్యపురాలు సరోజనమ్మ ఆ సంగతిని ఊరగాయ పెట్టి దాచుకుంది. ఎప్పుడు కలిసినా ఒక ముక్క తీసి వడ్డించేది. "మీ ఇంట్లో అన్నీ బాగుంటాయి వదినా, నీళ్ళే రవ్వంత చలువ." అంతే, పైకి నవ్వే. ఆ నవ్వుకు నాకు మూడు రోజులు అన్నం సయించేది కాదు.

అల్లుడు మురళితో పాటు ఆవిడ కూడా దీపావళికి వస్తోందని తెలియగానే ఒట్టు పెట్టుకున్నాను. ఈసారి వేడినీళ్ళు ఏరులై పారాలి! కానీ మా అల్లూరు పక్కన సముద్రంలో వాయుగుండం అన్న మాట వినబడితే చాలు, కరెంటు ముందే పారిపోతుంది. గీజరును నమ్ముకుంటే అంతే సంగతులు. అప్పుడు గుర్తొచ్చింది, గొడ్ల చావిట్లో మూలపడి ఉన్న రాగి బాయిలరు.

అది మా అత్తగారి కాలం నాటిది. నేను కాపరానికి వచ్చేసరికే మూలపడింది. దానితో నీళ్ళు కాచడం నేను ఎన్నడూ చూడలేదు. దాని మీద కుప్పేసిన పాత వలలు తీసి చూస్తే వాటి నడుమ ఒక కోడి పొదుగుతూ కూర్చుని ఉంది. దాన్ని బతిమాలి లేపి, చింతపండు పెట్టి తోమితే రాగి బయటపడింది. ఎంత చిత్రమైన వస్తువో! బొజ్జ నడుమ నిలువునా ఒక గొట్టం. నిప్పు అందులో. నీళ్ళు దాని చుట్టూ. నీళ్ళ మధ్యన నిప్పు కాపురం! ఒక పక్క నీళ్ళు పోసే గరాటు, దాని గొట్టం అడుగుదాకా దిగి ఉంది. ఇంకో పక్క, మెడ దగ్గర, చిన్న ముక్కు. కింద కొళాయి మాత్రం లేదు.

చిల్లులకు తగరం కరిగించి మాటు వేయడానికి బాషాను పిలిపించాను. గిన్నెలకు కళాయి పూయడం, మాట్లు వేయడం వాళ్ళ ఇంటి పని. చిల్లులు పూడ్చి నీళ్ళు నింపాడు. నిండగానే మెడ దగ్గరి ముక్కులోంచి ధారగా కారడం మొదలుపెట్టింది.

"ఇదేంది బాషా? ముక్కు చీదతా ఉండాది!"

"నిండింది గదక్కా, పొర్లతా ఉండాది."

"మరి ఆ ముక్కు అంత పైన ఎందుకు పెట్టినారు? నీళ్ళు కిందికి గదా పొయ్యేది?"

బాషా బాయిలరు చుట్టూ తిరిగాడు. నేను ఎదురువైపు నుంచి తిరిగాను. ఇద్దరం గుడి చుట్టూ ప్రదక్షిణం చేస్తున్నట్టు ఉన్నాం.

"తువ్వాల తగిలించుకునేదానికేమో అక్కా."

అరుగు మీద కూర్చున్న మా ఆయన కలగజేసుకున్నాడు. "మొహమన్నాక ముక్కుండద్దా? అందానికి పెట్టుంటారు."

"మరి నీళ్ళు తీసుకునేదెట్ట? కొళాయే లేదే!"

"మర్చిపొయ్యుంటారక్కా," అన్నాడు బాషా.

అంత పెద్ద బాయిలరు చేసినవాడు కొళాయి మర్చిపోయి, ముక్కు మాత్రం గుర్తుపెట్టుకున్నాడని మేమిద్దరం నమ్మేశాం. చూశారా మా తెలివి? "ఆ ముక్కు మూసెయ్, కింద కొళాయి పెట్టు," అన్నాను. బాషా ముక్కును తడిమి చూశాడు. "ఎవరో ఏదో అనుకోనే పెట్టుంటారక్కా, ఉండనీ." "ఏమనుకోనుంటారో చెప్పు, ఉంచుతా." పాపం, ముక్కు మూసి కింద కొళాయి పెట్టాడు.

దీపావళి తెల్లవారింది. సన్నగా జల్లు, ఈదురుగాలి. కరెంటు అనుకున్నట్టే పోయింది. దొడ్లో రేకుల పంచ కింద బాయిలరు పసుపు కుంకుమలతో పెళ్ళికూతురిలా నిలబడింది. గరాటులో బూడిద పడకుండా ఇత్తడి తాంబాళం బోర్లించాను. సరుగుడు పుల్లలూ కొబ్బరి చిప్పలూ వేస్తే గొట్టంలో మంట బుసలు కొట్టింది. వియ్యపురాలికి దానికి సరిగ్గా ఎదురుగా కుర్చీ వేశాను. చూడాలి కదా మరి!

అల్లుడు పాత లుంగీ కట్టుకుని పీట మీద కూర్చున్నాడు. నువ్వుల నూనె నెత్తి నుంచి కాలి దాకా పట్టించారు. నేను ఠీవిగా కొళాయి తిప్పి చెంబు పట్టి భుజాన పోశాను.

"అత్తా!" అల్లుడు కెవ్వుమన్నాడు. "ఇయ్యి వేడినీళ్ళా?"

"ఇంకా కాగలేదు నాయనా. కూసేపు ఓర్చుకో."

వియ్యపురాలు నవ్వింది. అదే నవ్వు!

గొట్టంలో ఇంకో బుట్టెడు చిప్పలు కుమ్మరించాను. చెయ్యి తడిపి బాయిలరు మెడ మీద చిలకరిస్తే చుయ్యిమంది. కొళాయి తిప్పితే మాత్రం చన్నీళ్ళే. పైన చుయ్యి, కింద చల్లన! నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో నేను పరువు సంగతి కూడా మరిచిపోయాను. వంగి వంగి తడిమాను. ఏందిది? నెత్తిన జ్వరం, కాళ్ళలో చలి!

అంతలో లోపల గుడగుడమంది. తాంబాళం టకటకా ఎగరసాగింది.

"వదినా, అదేందో మాట్లాడతా ఉండాది," అంది వియ్యపురాలు కుర్చీ వెనక్కి జరుపుకుంటూ.

"ఏమంటుందో!" అని నేను ముందుకు వంగాను.

తాంబాళం పైకప్పు రేకుకు తగిలి ఢాంమంది. దాని వెనకే గరాటులోంచి నీళ్ళు నిలువునా చిమ్మి, ఆ రేకుకే కొట్టుకుని, తిరిగి సరాసరి నిప్పుల గొట్టంలో పడ్డాయి. భుస్సుమని ఒక బూడిద మేఘం లేచింది. నీళ్ళు అడుగునుంచి వచ్చిన చన్నీళ్ళే కనుక ఎవరూ కాలలేదు. మేఘం తేలిపోయాక మా ఆయన పరుగెత్తుకొచ్చాడు.

"అల్లుడేడీ?"

పీట మీదే ఉన్నాడు. నూనెకు బూడిద అంటుకుని, కొత్తగా పోత పోసిన విగ్రహంలా, రెండు కళ్ళు మాత్రం ఆడిస్తూ. మా సుజాత నోట్లో కొంగు కుక్కుకుని ఇంట్లోకి పరుగెత్తింది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది!

వియ్యపురాలు లేచింది. ఊరగాయ జాడీ మూత ఇప్పుడు తీస్తుందని కళ్ళు మూసుకున్నాను. ఆవిడ నేరుగా బాయిలరు దగ్గరికి వెళ్ళి మెడ తడిమింది.

"వదినా, దీని ముక్కేదీ?"

"మూయించినా."

"ఎందుకూ?"

"కారతా ఉండింది."

"కారేదానికే గదా అది! గరాట్లో చన్నీళ్ళు పోస్తే అడుగుకు పోతాయి. పైనుండే వేడినీళ్ళను ముక్కులోంచి బయటికి నెడతాయి. చెంబు పోస్తే చెంబొస్తుంది. అది మూసేస్తే ఆవిరి యాడికి పోతుంది, గరాట్లోంచి నీళ్ళను ఎగదన్నక? మా అమ్మోళ్ళింట్లో ఇట్టాంటిదే ఉండింది."

"చన్నీళ్ళు పోస్తే వేడినీళ్ళొస్తాయా?"

"రావా మరి! చూపిస్తా, పట్టకారు తే!"

ముక్కుకు వేసిన మాటు అప్పటికే వేడికి మెత్తబడింది. లాగితే ఊడొచ్చింది. తడిసిన బూడిద గోకి, ఇద్దరం మళ్ళీ మంట రాజేశాం. ఆవిడ గరాటులో ఒక చెంబు పోసింది. ముక్కులోంచి పొగలు కక్కుతూ చెంబుడు నీళ్ళు! నేను ఒకటి పోశాను. మళ్ళీ! "ఇంకోటి పొయ్యి వదినా!" "నువ్వు పట్టు, నేను పోస్తా!" పట్టుచీర కుచ్చెళ్ళు దోపుకుని ఆవిడా, మోకాళ్ళ మీద నేనూ, ఇద్దరం చిన్నపిల్లలమైపోయాం. కాగులన్నీ నిండాయి. ఏరులై పారడమంటే అదే!

"ఇంక రా నాయనా, పోసుకుందువు," అని వెనక్కి తిరిగాను.

పీట ఖాళీ.

అల్లుడు వీధి చివర బోరింగు కింద కూర్చుని ఉన్నాడు. మా ఆయన పంపు కొడుతున్నాడు. అల్లుడు పళ్ళు కొరుక్కుంటూ చన్నీళ్ళతో నూనే బూడిదా కడుక్కుంటున్నాడు. దారిన పోయేవాళ్ళంతా నిలబడి చూస్తున్నారు.

నేను వియ్యపురాలి వైపు చూశాను. ఆవిడ నా వైపు చూసింది. చేతిలో ఇంకా చెంబు ఉంది, చీరంతా మసి. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా మా ఇంటి నీళ్ళ చలువ గురించి ఆవిడ ఒక్క మాట ఎత్తితే ఒట్టు.

కాబట్టి సభాముఖంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీద ఏ దీపావళికైనా అల్లుడు తలంటు పోసుకుని తల తుడుచుకునేదాకా, ఏ వస్తువు ఎందుకు ఎలా పని చేస్తుందో ఎవరినీ అడగను, ఎవరు చూపించినా చూడను. అల్లుడు ఇంట్లో లేని రోజులకు ఈ ప్రమాణం వర్తించదు.