ఏడో ఖానా

దసరా దగ్గర పడింది. మా మనవరాలు పెరట్లో ఇత్తడి సామాను ముందేసుకుని చింతపండు గుజ్జుతో తోముతోంది. పులుపూ లోహమూ కలిసిన ఆ వాసన అరుగు మీదికి రాగానే నా కుడిచేతి బొటనవేలు, నా ప్రమేయం లేకుండా, చూపుడువేలి మొదటి కణుపు మీదికి చేరింది. అరవై ఏళ్లు దాటినా ఆ వాసనకూ ఈ కణుపుకూ మధ్య ఉన్న ఒప్పందం చెడలేదు.

తేదీ లేని మాటను నేను నమ్మను. రైల్వేలో పనిచేసినవాడికి ఆ గుణం సహజమే అని ఇంట్లోవాళ్లు అంటారు. కానీ అది రైల్వే ఇచ్చింది కాదు. కామారెడ్డి బ్యాండు మాస్టరు దేవదానం గారు ఇచ్చింది. ఆయనను ఎరిగినవాళ్లు నాకు తెలిసి ఇప్పుడు ఎవరూ మిగల్లేదు. అందుకే ఇదంతా తలుచుకుంటున్నాను. ఖచ్చితంగా తెలిసినవే చెబుతాను. తెలియనిచోట తెలియదనే అంటాను.

ఆయన స్వగ్రామం భిక్నూర్. పుట్టిన సంవత్సరం ఆయనకే తెలియదు. సికింద్రాబాద్ కంటోన్మెంటులో ఒక పటాలం బ్యాండులో చాలాకాలం క్లారినెట్టు వాయించి, 1936లో కామారెడ్డికి వచ్చి, స్టేషను దారిలో ఒక రేకుల కొట్టం అద్దెకు తీసుకుని పెళ్లిళ్ల బ్యాండు పెట్టారు. సన్నని మనిషి. నడి వేసవిలోనూ కోటు గుండీలన్నీ పెట్టుకునేవారు. మరుసటి ఏడు జొన్నకోతలు ముగిశాక మా బాపు నన్ను తాడ్వాయి నుంచి నడిపించుకుని ఆయన దగ్గరికి తీసుకెళ్లాడు. అప్పటికి నాకు పందొమ్మిదేళ్లు. మాకు కొద్దిపాటి చెలక ఉండేది గాని, దాన్ని నిమ్మళంగా దున్నుకునే యోగం బాపుకు ఉండేది కాదు. దొర గడీ నుంచి కబురు వస్తే, చేతిలో ఏ పని ఉన్నా వదిలేసి కూలి లేని వెట్టికి వెళ్లాల్సిందే.

బాపు కొట్టం గడప దాటలేదు. బయటే నిలబడి అన్నాడు: "నన్ను అరక మీదికెల్లి లేపిండ్రు, సారూ. బువ్వ ముందలికెల్లి లేపిండ్రు. వీన్ని గట్ల ఎవ్వలు లేపని పని ఏదన్న ఉంటె సూడుండ్రి."

మాస్టరు నన్ను ఏదీ ఊదమనలేదు. "ఎన్నిదాంక లెక్కవెడుతవు?" అని అడిగారు.

"నూరుదాంక, సారూ."

"తప్పకుంట?"

"తప్పకుంట."

"చాలు. ఊదుడు నేను నేర్పుత. లెక్క నీది." తర్వాత బాపు వైపు తిరిగి, "నిమ్మళంగ పో, అన్నా. పనిల ఉన్నోన్ని నా బ్యాండులకెల్లి ఎవ్వడు లేపడు," అన్నారు. బాపు ఆ మాటను నమ్మాడో లేదో నాకు తెలియదు. నన్ను వదిలి వెళ్లాడన్నది మాత్రం నిజం.

నాకు దక్కింది హారన్ అనే వంకర బూర. నత్తగుల్లలా చుట్టుకుని, చివర వెడల్పాటి నోరు తెరుచుకుని ఉండేది. శనివారం శనివారం అందరం వరుసగా కూర్చుని చింతపండుతో బూరలు తోమేవాళ్లం. 1938 వానాకాలంలో, పెళ్లిళ్లు లేని నెలల్లో, మాస్టరు తన ట్రంకుపెట్టె నుంచి కొన్ని కాగితాలు తీశారు. పటాలంలో ఉన్నప్పుడు చేత్తో నకలు రాసుకున్న ఒక సింఫనీ అది. ఒకే రచనను చాలా వాయిద్యాలు కలిసి, మూడు భాగాలుగా వాయించాలి: ఒకటి వేగం, ఒకటి నిదానం, మళ్లీ ఒకటి వేగం. దాన్ని కూర్చిన పిల్లవాడికి అప్పటికి ఎనిమిదేళ్లట. తండ్రి జబ్బుపడి, ఇంట్లో వాయిద్యం ముట్టవద్దన్నప్పుడు, చప్పుడు లేకుండా కాగితం మీద కట్టాడట. ఆ పేరుకు నా నోరు తిరగలేదు. సంవత్సరం మాత్రం నిలిచింది: 1764.

మా బ్యాండుకు అప్పటిదాకా తెలిసిన పద్ధతి ఒక్కటే. పాట ఏదైనా, అందరూ ఒకే వరుసను ఒకేసారి ఊదడం. ఎంత గట్టిగా ఊదితే అంత పని చేసినట్టు. ఈ సింఫనీలో ఒక్కొక్కరిదీ ఒక్కో దారి. నా దారిలో ఎక్కువ భాగం మౌనమే. తాళపు కొలతను మాస్టరు 'ఖానా' అనేవారు, బీరువా అరల్లాగా. నిదానపు భాగంలో మొదటి ఆరు ఖానాలు నాకు ఖాళీ. ఏడో ఖానాలో నా మొదటి స్వరం. అక్కడి నుంచి ఖానాకు ఒకటి చొప్పున నాలుగు దీర్ఘ స్వరాలు. మళ్లీ మౌనం.

క్లారినెట్టు వాయించే సాయిలు ఊరుకునే మనిషి కాడు. "గిదేంది సారూ! మా దవడలు గుంజుతున్నయి, వీడు పెండ్లికొడుకు లెక్క కూసున్నడు. కూలి మాత్రం సమానమేనా?"

"నువ్వు ఊదుతున్నవు. వాడు ఎంచుతున్నడు."

"గట్లయితె రేపటిసంది నేను గూడ ఇంటికాడ పండుకొని ఎంచుత!"

అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. మరునాడు సాధనలో నిదానపు భాగం మొదలుకాగానే, ఊరికే కూర్చోలేక సాయిలు వరుసనే నేనూ అందుకున్నాను. మాస్టరు చెయ్యి దించి అందరినీ ఆపారు. కోప్పడలేదు. "ఆ పిల్లగాడు సప్పుడు చెయ్యకుంట మొత్తం కట్టిండు. నువ్వు ఆరు ఖానాలు ఆగలేవా, నర్సింలూ?" అన్నారు. నా చెయ్యి పట్టుకుని, బొటనవేలితో కణుపులు ఎంచడం చూపించారు. చూపుడువేలికి మూడు, నడిమివేలికి మూడు. ఉంగరపువేలి మొదటి కణుపుకు ఊపిరి తీయాలి. ఆ తర్వాత నేను ఒక్కసారి కూడా తప్పలేదు. గొప్ప కోసం అనడం లేదు, అది లెక్క.

1939 వేసవిలో ఎల్లారెడ్డి దిక్కున ఒక దొర గడీలో పెళ్లి. ఎడ్లబండ్ల మీద వెళ్లాం. పగటి భోజనాలయ్యాక, పందిట్లో కూర్చుని ఒక కొత్త పాట వినిపిస్తామని మాస్టరు అనుమతి అడిగారు. దొర తల ఊపాడు. మొదటి భాగం సాగుతున్నంతసేపూ గడీ గుమాస్తా చూపు నా మీదే ఉంది. ఆ గడీలో ఖాళీగా కనిపించిన చెయ్యి ఎవరిదైనా వెట్టికి పనికొచ్చేదే. నిదానపు భాగం మొదలైంది. నేను చూపుడువేలి మీద ఎంచడం మొదలుపెట్టాను. ఒకటి. రెండు.

"ఏయ్, నిన్నే! అందరు వాయిస్తుంటె నువ్వు ఊకె కూసున్నవేంది? లే, కాగుల నీళ్లు మొయ్యిపో!"

మూడు. బదులిస్తే లెక్క తప్పుతుంది. ఇవ్వకపోతే పొగరు అవుతుంది. గుమాస్తా వచ్చి నా భుజం పట్టాడు. నాలుగు. నాకు బాపు కనిపించాడు. అరక మీద నుంచి దిగుతున్న బాపు.

మాస్టరు కుడిచెయ్యి తాళం వేస్తూనే ఉంది. తల మాత్రం ఇటు తిప్పారు. "ఆయన పనిల ఉన్నడు."

"ఏం పని?"

ఐదు.

"లెక్క."

గడీ ముంగిట మా ఇంటి మనిషిని 'ఆయన' అనగా నేను వినడం అదే మొదలు. ఆరు. గుమాస్తా చెయ్యి ఇంకా నా భుజం మీదే ఉంది. బొటనవేలు ఉంగరపువేలికి చేరింది. ఊపిరి తీశాను. ఏడో ఖానాలో నా బూర పలికింది. మిగతా వాయిద్యాలన్నీ గుసగుసలాడుతుండగా, ఆ నాలుగు స్వరాలు పందిరి రాటల్లా ఒకదాని తర్వాత ఒకటి నిలబడ్డాయి. రెండో స్వరానికి భుజం మీది చెయ్యి తేలికైంది. నాలుగో స్వరానికి ఆ చెయ్యే లేదు.

మూడు భాగాలూ ముగిశాక దొర అడిగాడు: "ఎవడు కట్టిండు గీ పాట?"

"ఎనిమిదేండ్ల పిల్లగాడు, దొరా."

"పరాచికాలా?"

"కాదు దొరా. లెక్కకు ఎనిమిదే."

అంతలో పరదా వెనుక నుంచి దొర తల్లి కబురు పంపింది, నడిమి ముక్క మళ్లీ వాయించమని. "ఆ వంకర బూరాయనను మంచిగ కనవడేటట్టు ముందల కూసోవెట్టుమన్నది అవ్వ," అని చెప్పింది కబురు తెచ్చిన దాసి. సాయిలు నా కోసం తన కుర్చీ జరుపుతూ, "కూసో నాయినా, కూసో. నీ అసుంటి సోమరి కోసమే పుట్టింది గీ పాట," అన్నాడు. కానీ కుర్చీని కండువాతో తుడిచి మరీ ఇచ్చాడు.

యుద్ధం ముదిరాక బ్యాండు చెదిరింది. సాయిలు పటాలంలో చేరాడు. ఇద్దరు చక్కెర మిల్లుకు వెళ్లారు. 1941లో నాకు రైల్వేలో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ ఉద్యోగం దొరికింది. బండి వచ్చేదాకా కదలకుండా కనిపెట్టుకుని ఉండటమే అందులో సగం పని. మరుసటి వానాకాలంలో మాస్టరు జ్వరంతో పోయారు. కామారెడ్డిలోనే సమాధి. బ్యాండులో మిగిలింది నేనొక్కడినే. కొట్టంలో నుంచి నా బూర తెచ్చి, సమాధి చేసే ముందురోజే చింతపండుతో తోమాను.

సమాధి దగ్గర చర్చి అయ్యగారు ప్రార్థన ముగించి నాకు సైగ చేశారు. క్లారినెట్లు లేవు, డోలు లేదు. తాళం వేసే చెయ్యి పెట్టెలో ఉంది. నేను బూర ఎత్తి పట్టుకుని, వాళ్లందరి ఖానాలనూ లోపలే వింటూ, చూపుడువేలి నుంచి మొదలుపెట్టాను. జనంలో గుసగుసలు బయలుదేరాయి. "ఊదడేంది? భయపడ్డడా?" "ఓ నర్సింలూ!" ఎవరో నా మోచెయ్యి కదపబోయారు.

అప్పుడు మా బాపు గొంతు వినిపించింది. తాడ్వాయి నుంచి నడిచి వచ్చి వెనక వరుసలో నిలబడ్డ మనిషి. జీవితంలో ఎవరి ముందూ గొంతెత్తని మనిషి.

"ఆగుండ్రి. లేపకుండ్రి ఆయనను. పనిల ఉన్నడు."

అందరూ ఆగారు. ఏడో ఖానాలో నేను ఊదాను. నాలుగూ తప్పకుండా వచ్చాయి.

ఇంతసేపూ నా బొటనవేలు కణుపుల మీదనే ఉన్నట్టుంది. మనవరాలు తోమిన బిందెను ఎండలో బోర్లించి, చీపురు పట్టుకుని అరుగు దగ్గరికి వచ్చింది.

"తాతా, జర లే. ఊకె కూసున్నవు గదా, గీడ ఊడుస్త."

"ఉండు బిడ్డా. పనిల ఉన్న."

"ఏం పని?"

చెప్పాను. ఆ పిల్ల నా చేతి వైపు చూసి, ఏమనుకుందో, చీపురు పక్కన పెట్టి నా పక్కనే కూర్చుని ఆగింది.