పొయ్యి బొగ్గుతో పోసిన గంట

మా చిన్నప్పుడు... తెల్లదొరల రాజ్యంలో, బద్వేలు దిక్కున, మా ఇంటి ముందర కొలిమి ముట్టిస్తే వీధంతా వేడెక్కేది. మేము కంచు పోసేవాళ్ళం. చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

ఆ రోజు పోస్తున్నది ఊరి బయట పాలెంలోని క్రైస్తవ కూలీల చర్చికి గంట. కొనే శక్తి లేక, తాము తినే కంచు తళెలే తెచ్చిచ్చారు వాళ్ళు. అవన్నీ మూసలో... అదే, కంచు కరిగించే మట్టిపాత్రలో పడ్డాయి. మిగతా బొగ్గు బండి అడివి నుంచి వస్తుందిలే అన్న ధీమాతో నాయన సగం బొగ్గుతోనే కొలిమి ముట్టించాడు.

బండి రాలేదు. అడివి గార్డు వచ్చాడు.

"మీ బండి పట్టుకున్యాం. ఇంగ అడివిలో బొగ్గు కాల్చేది లేదు. సర్కారు ఆర్డరు!"

నాయన ముఖం మాడిపోయింది. నిప్పు తగ్గితే కంచు మూసలోనే గడ్డకడుతుంది, మూస పగులుతుంది. తళెలూ పోయె, గంటా పోయె... పాలెం పెద్ద దేవదానం తాత దూరంగా తల పట్టుకుని కూర్చున్నాడు.

"తిత్తి ఊదేది ఆపొద్దురా!" అని నాయన మీద కేకేసి, మా జేజి బయటికి నడిచింది. నాయనను కన్న తల్లి ఆమె. మావాళ్ళు పాలెంలో అడుగు పెట్టని రోజులవి. జేజి నేరుగా అక్కడికే పోయింది.

అప్పట్లో వంటయ్యాక ఆడవాళ్ళు పొయ్యిలోని తుమ్మ నిప్పుల మీద నీళ్ళు చల్లి, ఆ బొగ్గులు ఎండబెట్టి కుండల్లో దాచేవాళ్ళు. పళ్ళు తోముకోవడానికి, నగలు చేసే అగసాలికి ఇవ్వడానికి. కాసేపటికి పాలెం ఆడవాళ్ళు, వాళ్ళ వెనకే మా వీధివాళ్ళు, గంపలు నెత్తిన పెట్టుకుని వచ్చి కుమ్మరించారు.

"ఆగండి! ఇదీ అడివి బొగ్గే!" అన్నాడు గార్డు.

జేజి నడుం మీద చెయ్యి పెట్టింది. "ఏమప్పా, నా పొయ్యి యాడుండాది, అడివిలోనా? అట్లయితే రా, పొయ్యి మీద సంగటి గూడా జప్తు చేసుకొని పో!"

"ఆకలితో ఉండాడేమో అమ్మా, రెండు ముద్దలు పెట్టి పంపు!" అన్నాడు దేవదానం తాత.

అందరూ పగలబడి నవ్వారు. గార్డు గొణుక్కుంటూ పోయాడు. బండి మాత్రం తిరిగి ఇవ్వలేదు. ఏం ఫరవాలేదు... పొద్దు వాలకముందే కంచు అచ్చులోకి దిగింది.

ఇప్పుడు కరెంటు కొలిములు వచ్చాయి. పొగ లేదు, మసి లేదు, మంచిదే. కరెంటు పోతే మాత్రం చేతులు కట్టుకుని కూర్చుంటారు. ఎవరి గడప తొక్కి అడుగుతారు? పక్కింటోడి పేరే తెలియదు...

మీ ఊళ్ళో ఒకరి నిప్పు ఆరకుండా ఇంకొకరు గంప మోసిన రోజులుంటే రాయండి, చదువుతాను. వెనకటి కాలం మొరటుదని మాత్రం నా ముందర అనొద్దండి.