గ్యాస్ బాబాయి ఒప్పుకున్న అబద్ధం

పందొమ్మిదేళ్ళుగా ఆ మనిషి ఒక పైపు మీద నడుస్తున్నాడు. పైపంటే కంటికి కనిపించేది కాదు. గుండెల లోతున మట్టి కింద, పొలాల అడుగునా రోడ్ల అడుగునా పోయే గ్యాస్ పైపు. పొద్దున ఆరింటికి ముప్ఫై ఒకటో నంబరు పసుపు స్తంభం దగ్గర మొదలుపెట్టి యాభై ఎనిమిదో స్తంభం దాకా తొమ్మిది కిలోమీటర్లు నడవాలి. దారిలో ఎవరైనా పలుగు పట్టుకుని కనిపిస్తే ఆపాలి. చుట్టూ గడ్డి పచ్చగా ఉండి ఒక్కచోట ఎండిపోతే అక్కడ ఆగి వాసన చూడాలి. సాయంత్రం ఆఫీసులో కాగితం రాసిచ్చి ఇంటికి పోవాలి. కంపెనీ లెక్కలో ఆయన లైన్ వాకరు. దారి పొడుగునా ఉన్న జనానికి మాత్రం గ్యాస్ బాబాయి.

మనిషి మంచివాడే గానీ నోరు మంచిది కాదు. ఒకసారి పైపు మీద కంచె స్తంభం పాతుతున్న పెద్దమనిషిని పట్టుకుని, "మీ ఇల్లు ఎగిరిపోతే మీ ఇష్టం, నా పైపుకి దెబ్బ తగిలితే మాత్రం ఊరుకోను" అన్నాడు. మా అన్నయ్య ఆ పైపునే పెళ్ళి చేసుకోవాల్సిందని చెల్లెలు వదిన ముందు ఏడిపిస్తూ ఉంటుంది. వదిన సిటీ బస్సులో కండక్టరు, మాటకు మాట అప్పజెప్పగలదు. "అదైతే పడున్నచోటే పడుంటుంది, ఆయనకి సరిగ్గా సరిపోయేది" అంటుంది.

ఇన్నేళ్ళలో ఆయన ఆ పైపుని ఒక్కసారి కూడా చూడలేదు. చూడకపోవడమే ఆయన పని సరిగ్గా జరుగుతోందనడానికి గుర్తు. అలాంటిది వానలు వెనకపట్టాక ఒక ఉదయం, నలభై నాలుగో స్తంభం దగ్గర వాగు ఒడ్డున, మట్టి కోసుకుపోయిన చోట నల్లగా అరచేతి వెడల్పున పైపు వీపు కనిపించింది. వాగుకి అవతల నలభై అడుగులు వేస్తే ఇళ్ళ వరస, మొత్తం ఇరవై రెండు ఇళ్ళు. నాలుగో ఇంట్లో కుట్టుమిషన్ పెట్టుకుని బట్టలు కుట్టేది ఆయన చెల్లెలు.

ఆ సాయంత్రం ఆఫీసుకి దాదాపు పరిగెత్తుకుంటూ పోయాడు. ఇక్కడ ఆ కాగితం సంగతి చెప్పాలి. పాత కంపెనీ ఉన్నప్పుడు ఒక లావుపాటి పుస్తకం ఉండేది, చూసింది చూసినట్టు అందులో రాసేవాడు. రెండేళ్ళ కిందట ఈ చుట్టుపక్కల లైన్లన్నీ కొనేసిన కొత్త సంస్థ ఆ పుస్తకం తీసిపారేసి అచ్చు కాగితం తెచ్చింది. తేదీ, స్తంభాల నంబర్లు, రెండు గళ్ళు, సంతకం. ఒక గడి 'సాధారణం', రెండో గడి 'అసాధారణం'. ఏదో ఒకదానిలో టిక్కు పెట్టాలి. పైపు బయటపడిందని రాయడానికి అందులో వేలెడు చోటు లేదు. ఇలాంటి కాగితం తయారుచేసిన వాడెవడో గానీ వాణ్ణి ఆ వాగులో నిలబెట్టాలి.

ఆయన అసాధారణంలో టిక్కు పెట్టబోతే సూపర్‌వైజరు చెయ్యి పట్టుకున్నాడు. "బాబాయ్, దాంట్లో పెడితే కంప్యూటరు ఒప్పుకోదు. హెడ్డాఫీసు నుంచి వంద ప్రశ్నలొస్తాయి, అవన్నీ తేలేసరికి పని ఆలస్యమవుతుంది. నువ్వు సాధారణంలో పెట్టి, సంగతంతా వెనకవైపు రాయి. నేను చూసుకుంటానుగా."

నమ్మాడు. అదొక్కటే ఆయన చేసిన తప్పు, దానికి ఆయన తనని తాను ఎన్నిసార్లు తిట్టుకున్నాడో లెక్కలేదు. ఏడు నెలలు రోజూ ముందువైపు సాధారణంలో టిక్కు, వెనకవైపు గుండ్రటి అక్షరాలతో అసలు సంగతి. అరచేతి వెడల్పు మూరెడైంది, మూరెడు బారెడైంది. పైపు మీది నల్లపూత పెచ్చులూడి తుప్పు కనిపిస్తోంది. అదీ రాశాడు. ఇసుక బస్తాలు తనే మోసుకొచ్చి అడ్డం వేశాడు, వాగు వాటిని పట్టుకుపోయింది. అదీ రాశాడు. అడిగినప్పుడల్లా సూపర్‌వైజరు బెల్లం కొట్టిన రాయిలా కూర్చుని, పైకి పంపాను బాబాయ్ అనేవాడు.

ఇలా ఉండగా చెల్లెలు ఒకరోజు పనిగట్టుకుని అన్న ఇంటికి వచ్చింది. "అన్నయ్యా, మా వీధి గోడకి నోటీసు అంటించారు. పాత పైపు పక్కనే ఇంకోటి వేస్తారట, దానికన్నా లావుది. అభ్యంతరాలుంటే అనుమతుల ఆఫీసుకి పోయి ఫైలు చూసుకోవచ్చట. పాతదే బయటపడి చస్తుంటే దాని పక్కన కొత్తది తవ్వుతారా?"

"తవ్వలేరమ్మా. ఏడు నెలలుగా రాసిస్తున్నాను. అనుమతి అడగాలంటే పాత లైను సంగతి చెప్పాలిగా. నా కాగితాలుంటాయి అందులో."

కాగితాలున్నాయి. అనుమతుల ఆఫీసులో, ఫ్యానుకి రెపరెపలాడకుండా పేపరు వెయిట్లు పెట్టిన పొడుగాటి బల్ల మీద, కళ్ళజోడు పెట్టుకున్న ఆఫీసరమ్మ ఆయన ముందు ఫైలు పెట్టింది. అందులో మూడో పేజీలో ఇలా ఉంది: 'పాత లైను పొడవునా మట్టికప్పు చెక్కుచెదరలేదని రోజువారీ తనిఖీలలో రుజువైనది. జతపరచిన రెండు వందల పదకొండు నివేదికలు చూడగలరు.' తిప్పితే వరసగా ఆయన సంతకమే. సాధారణం, కింద సంతకం. సాధారణం, కింద సంతకం. ఒక కాగితం వెనక్కి తిప్పాడు. తెల్లగా ఉంది. ఇంకోటి తిప్పాడు, అదీ తెల్లగానే ఉంది. పదో కాగితం దాకా తిప్పుతూనే పోయాడు. వెధవలు ముందువైపు మాత్రమే జిరాక్సు తీశారు.

అరికాలి మంట నెత్తికెక్కింది ఆయనకి. ఎవరో తన చేత్తోనే తన చెల్లెలి ఇంటి కింద గొయ్యి తవ్విస్తున్నట్టనిపించింది. జరిగిందంతా ఆఫీసరమ్మకి చెప్పాడు, గొంతు లేస్తుంటే తగ్గించుకుంటూ చెప్పాడు. ఆవిడ ఓపిగ్గా విని, తెల్లకాగితం ఇచ్చి రాయమంది. రాసిచ్చాక చదివి కళ్ళజోడు తీసింది.

"మీరు చెప్పేది నిజమే కావచ్చండీ. కానీ ఇది ఒక్క కాగితం. అవి రెండు వందల పదకొండు, అన్నీ మీ సంతకాలే. మీరే రాసింది మీరే కాదంటే నేను దేన్ని నమ్మాలి? కంపెనీని జవాబు అడుగుతాను. వాళ్ళు అవే నిజమంటే నేను ఆపలేను."

తిన్నగా సూపర్‌వైజరు దగ్గరికి పోయి అసలు కాగితాలు ఇమ్మన్నాడు. వాడు నీళ్ళు నమిలాడు. పాతవి ఎప్పటికప్పుడు చించేస్తారు బాబాయ్ అన్నాడు. ఆయన ఆ రోజు వాడిని అన్న మాటలు ఇక్కడ రాయడం బాగుండదు.

కంపెనీ జవాబు మూడోరోజున వచ్చింది, అయితే ఆఫీసరమ్మకి కాదు, ఈయనకి. భార్య డ్యూటీ దిగి యూనిఫారం కూడా మార్చుకోకుండా గట్టిగా చదివింది. 'గత ఏడు నెలలుగా మీరు సమర్పించిన తనిఖీ నివేదికలు అబద్ధాలని మీరే అంగీకరించినందున, సంస్థ కూడా వాటిని అబద్ధ నివేదికలుగా నిర్ధారించి, మిమ్మల్ని ఉద్యోగం నుంచి తొలగించడమైనది. పది రోజులలో మీ సంజాయిషీ ఇచ్చుకోవచ్చు.' పింఛనుకు ఇంకా పద్నాలుగు నెలలుంది. ఆయన గోడకి ఆనుకుని అలాగే కూర్చుండిపోయాడు.

ఆవిడ మాత్రం కాగితం కిందపెట్టలేదు. రెండోసారి చదివింది, ఈసారి మెల్లగా. "ఇదిగో, ఇటు చూడు. నీ నివేదికలు అబద్ధమని వాళ్ళే రాసి ముద్ర వేశారు. ఆ నివేదికలు చూపించేగా అనుమతి అడిగింది?"

ఆయన్ని పీకెయ్యాలన్న తొందరలో కంపెనీవాళ్ళు తమ కొమ్మ తామే నరుక్కున్నారు. ఆ సంగతి ఆవిడకి అర్థమైన మర్నాడే వాళ్ళకీ అర్థమైంది. పొద్దున్నే ఇంటి ముందు కారాగింది. మేనేజరు, వెనకాల తల దించుకుని సూపర్‌వైజరు. ఇన్నాళ్ళూ ఏయ్ అని పిలిచిన మేనేజరు ఆ పూట చెప్పులు గుమ్మం బయటే విడిచి లోపలికొచ్చాడు.

"బాబాయిగారూ, పొరపాటు జరిగిపోయింది. గుమాస్తా తొందరపడ్డాడు. ఆ ఉత్తరం ఇటిచ్చేయండి, జరిగింది మర్చిపోదాం. ఇకనుంచి మీరు నడవక్కర్లేదు, వాకర్లందరి మీదా మిమ్మల్ని పెద్దగా పెడుతున్నాం. కుర్చీలో కూర్చునే పని. ఈ వయసులో ఇంకేం కావాలి?"

"వాగు దగ్గర పైపు?"

"అనుమతి రానివ్వండి. కొత్త పైపు వేసే కాంట్రాక్టరే ఆ పనీ చేసేస్తాడు. రెండుసార్లు తవ్వించడం దేనికి?"

ఆయన లేచి నిలబడ్డాడు. "అంటే మీకు ముందే తెలుసు. ఏడు నెలలుగా తెలుసు." మేనేజరు సూపర్‌వైజరు వంక చూశాడు. "ఇరవై రెండు ఇళ్ళు సార్. మీ ఆఫీసు నుంచి ఆ వాగుకి పావుగంట దారి. ఏడు నెలల్లో ఒక్కరోజు రాలేకపోయారు. ఈ ముక్క కాగితం కోసం మా ఇల్లు వెతుక్కుంటూ పొద్దున్నే వచ్చారు. సిగ్గులేదా మీకు? వెళ్ళండి. చెప్పులు అక్కడున్నాయి."

కారు వెళ్ళిపోయింది. "కుర్చీ పోయిందిగా" అంది భార్య. నవ్వడానికి చూసింది గానీ నవ్వు రాలేదు. ఇంట్లోకి ఇక తన జీతమొక్కటే అని ఆవిడకి తెలుసు. ఆయన మొహం చూసి, "పద, నేనూ వస్తాను" అని టికెట్ల సంచి మేకుకి తగిలించేసింది.

ఆఫీసరమ్మ ఉత్తరం చదివి ఫైలు మీద పెట్టింది. తర్వాత తలెత్తి, "మీరు సంజాయిషీ ఇస్తే గెలుస్తారండీ" అంది. "సూపర్‌వైజరు చెప్పినట్టే చేశానని వాదించండి. ఉద్యోగం తిరిగొస్తుంది, పింఛనూ వస్తుంది."

"గెలిస్తే ఈ ఉత్తరం ఏమవుతుంది మేడమ్?"

"రద్దవుతుంది."

"అప్పుడు ఆ రెండు వందల పదకొండూ మళ్ళీ నిజాలైపోతాయి."

ఆయన కాగితం తీసుకుని నిలబడే రాశాడు. కలం కాగితంలో దిగబడిపోయేంత కోపంగా రాశాడు. నా మీద మోపిన నేరం ఒప్పుకుంటున్నాను, నేను అబద్ధ నివేదికలు ఇచ్చాను, సంజాయిషీ ఏమీ లేదు. సంతకం పెట్టి, కంపెనీ ఉత్తరానికి జతచేసి ఆఫీసరమ్మ చేతిలో పెట్టాడు. పందొమ్మిదేళ్ళలో ఒక్క రోజు నాగా పెట్టని మనిషి అబద్ధాలకోరునని తన చేత్తో తనే రాసుకుని బయటికొచ్చాడు. మెట్ల మీద భార్య చెయ్యి పట్టుకుంటే విదిలించుకోలేదు.

అనుమతి ఆగిపోయింది. పాత లైను సరిచేసి, వేరేవాళ్ళ చేత తనిఖీ చేయిస్తే తప్ప కొత్త దరఖాస్తు తీసుకోబోమని ఆర్డరు వేశారు. అప్పటికి గానీ కంపెనీకి వాగు ఎక్కడుందో గుర్తుకురాలేదు. వారం తిరగకుండా యంత్రాలొచ్చాయి. పైపుకి కొత్త పూత వేశారు, ఒడ్డుకి రాళ్ళు పేర్చారు, మట్టి పోయడం మొదలుపెట్టారు.

చెల్లెలు కబురు చేస్తే ఆయన వెళ్ళాడు. చుట్టూ ఎర్ర రిబ్బను కట్టి ఉంది. అలవాటుగా దాన్ని ఎత్తి లోపలికి పోబోతే, కొత్తగా చేరిన లైన్ వాకరు అడ్డం వచ్చాడు. బయటివాళ్ళు రాకూడదండీ అన్నాడు మర్యాదగానే. ఆయన రిబ్బను వదిలేసి వెనక్కి జరిగాడు. చెల్లెలు మిషన్ ఆపి గుమ్మంలోకి వచ్చి నిలబడింది, ఆయన వంక చూసి కళ్ళొత్తుకుంది.

మట్టి పోసి చదును చేసి కూలీలు పారలు సర్దుకుంటున్నారు. ఆయన కాసేపు చూశాడు. చూసి చూసి ఇక పట్టలేక, ఇళ్ళ వరసంతా వినబడేలా అరిచాడు.

"అది చాలదు. ఇంకో మూరెడు పడాలి. పొయ్యండి."

కూలీలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఈయనెవరని ఎవరూ అడగలేదు. పారలు మళ్ళీ తీసి పోయడం మొదలుపెట్టారు.