మూత తీసి చూసే ఆయన

తబస్సుం కంప్యూటర్ ముందు కూర్చోబోతూ చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని, వేళ్లు ఒకసారి వాసన చూసుకుంటుంది. వెల్లుల్లి వాసన ఎటూ పోదు. ఇక రెండు వేళ్లతోనే బ్లాగు రాస్తుంది. వంట గురించి రాస్తే ఇంటి గురించీ రాయాల్సిందే, అది ఆమె పద్ధతి. మాంసం, పప్పు కలిపి వండే దాల్చా ఎలా చేయాలో రాసిన టపాలో, "మా ఆయన ఆటోనగర్ నుంచి రాగానే గ్రీజు చేతులతోనే మూత తీసి చూస్తారు" అని కూడా రాసింది. ఆ టపాను బుర్రమీసాల ఫొటో పెట్టుకున్న ఒక పెద్దమనిషి తన బ్లాగులోకి మక్కికి మక్కి దించేశాడు, 'మా ఆయన'తో సహా. అది చూసి తబస్సుం లేచి వెళ్లి, కడిగిన గిన్నెలే మళ్లీ కడిగింది. తిరిగొచ్చేసరికి ఆ దొంగ టపా కింద ఒక వ్యాఖ్య ఉంది. రాసింది కూచిపూడి రావమ్మ. ఆవిడ మాంసం ముట్టరు, అయినా తబస్సుం టపాలు ఒక్కటీ వదలరు. ఇద్దరూ ఎప్పుడూ కలుసుకోలేదు. "బాబూ, ఆ గ్రీజు చేతులాయన తబస్సుంగారి భర్తండీ. ఆయన మీ ఇంట్లో మూతలెందుకు తీస్తున్నారు?"

సాయంత్రానికి దొంగ టపా మాయమైంది. "కేసేద్దామా?" అన్నాడు భర్త మునీర్. "ఎందుకండీ, రావమ్మగారున్నారుగా" అంది తబస్సుం, కళ్లు తుడుచుకుంటూ. అప్పట్నుంచి మాంసం వంట ఏది రాసినా చివర ఒక మాట చేరుస్తుంది: "రావమ్మగారూ, మీరు మాత్రం సొరకాయతో చేసుకోండి." దొంగతనాలు ఆగలేదు. ఎత్తుకుపోయేవాళ్లు ఆ మాటనీ చూసుకోకుండా ఎత్తుకుపోతున్నారు. ముక్కూ మొహం తెలియని వాళ్ల బ్లాగుల్లో కూడా రావమ్మగారికి విడిగా వడ్డన జరుగుతూనే ఉంది.