రైలత్త మోసిన కాలర్లు

మొన్న మా కుట్టు షెడ్డుకి ఎవరో పెద్దాయన వచ్చాడు. గోడ మీద రంగురంగుల మ్యాపు తగిలించి, ఈ ఐదు ఊళ్ళూ పెరిగి పెరిగి ఒకదానికొకటి ఎలా అతుక్కుపోయాయో, అన్నీ కలిసి ఒకే పెద్ద బజారుగా ఎలా మారాయో అరగంట చెప్పాడు. రోడ్లన్నాడు, వంతెనలన్నాడు, పెట్టుబడులన్నాడు. మా అత్త ఊసే ఎత్తలేదు. ఆయనకెలా తెలుస్తుంది పాపం! అయినా నాకు ఒళ్ళు మండింది. అందుకే ఇంటికి రాగానే కాళ్ళు కూడా కడుక్కోకుండా ఇది రాయడానికి కూర్చున్నాను.

అత్తంటే మా నాన్నకు అక్క. పెళ్ళయిన రెండో ఏడే మామయ్య పోతే పుట్టింటికి వచ్చేసింది. ఊరంతా ఆమెను రైలక్క అనేది, నేను రైలత్త అనేదాన్ని. ముప్పై ఒక్కేళ్ళపాటు, ఆదివారాలు తప్ప, రోజూ పొద్దున ఐదూ నలభై బండికి నగరానికి వెళ్ళి మధ్యాహ్నం రెండున్నర బండికి తిరిగొచ్చింది. వెళ్ళేటప్పుడు కుట్టిన కాలర్ల మూట, వచ్చేటప్పుడు కుట్టాల్సిన ముక్కల మూట. జ్వరమొచ్చినా ఆగేది కాదు. కాళ్ళకు చక్రాలు కట్టుకుని పుట్టిందని మా నాన్న విసుక్కునేవాడు.

ఆ రోజుల్లో ఒక చొక్కా తయారవ్వాలంటే ఐదు ఊళ్ళు తిరగాల్సిందే. గుడ్డ ఒక ఊళ్ళో నేసేవాళ్ళు. నగరంలో కట్టింగ్ మాస్టర్ దాన్ని కత్తిరించేవాడు. ఒళ్ళూ చేతులూ ఏటి అవతలి ఊళ్ళో, కాలర్లు మా ఊళ్ళో, కాజాలూ గుండీలూ ఇస్త్రీ ఇంకో ఊళ్ళో. మా ఊళ్ళో ఇరవై రెండు మిషన్లుండేవి, మా ఇంట్లో అమ్మదీ నాదీ, మిగతా ఇరవై ఇళ్ళల్లో ఒక్కోటి. అన్నిటి మీదా కాలర్లే. మాలో ఒక్కరికి కూడా పూర్తి చొక్కా కుట్టడం రాదు. నాన్న చొక్కా చెయ్యి చిరిగితే పక్కవీధి దర్జీ దగ్గరికి పంపేవాళ్ళం. "ఇంట్లో ఇద్దరు కుట్టేవాళ్ళుండగా నా దగ్గరికొచ్చారా!" అని ఆయన పొట్ట పట్టుకుని నవ్వేవాడు. నవ్వితే నవ్వాడు, కాలర్ కుట్టమంటే మాత్రం మా అమ్మ ముందు ఆయన ఎందుకూ పనికొచ్చేవాడు కాదు.

కాలరంటే ఆషామాషీ కాదు. రెండు ముక్కల మధ్య గట్టి కాన్వాసు పెట్టి, తిరగేసి కుట్టి, మూలలు కత్తిరించి, తిప్పి, వెదురుపుల్లతో మొనను బయటికి తొయ్యాలి. గట్టిగా తోస్తే గుడ్డ చిరుగుతుంది, మెత్తగా తోస్తే మొన మొద్దుబారుతుంది. అత్తకు కుట్టు రాదు. మిషన్ ముందు కూర్చోబెడితే కాలు ముందుకూ చక్రం వెనక్కూ పోయేవి. కానీ మొన చూడటంలో ఆమెను మించినవాళ్ళు లేరు. సాయంత్రం ఇల్లిల్లూ తిరిగి ఒక్కో కాలర్‌నూ వేలితో తడిమేది.

"ఏమే, ఇది కాలరా, బాతు ముక్కా?" అని నా ఒళ్ళో పడేసేది.

"కళ్ళు నొప్పిగా ఉన్నాయత్తా."

"కళ్ళతో ఎవరు కుట్టమన్నారు? వేళ్ళతో కుట్టు."

ఎంత కోపమొచ్చేదో! పళ్ళు కొరుక్కుంటూ మళ్ళీ విప్పేదాన్ని.

రెండున్నర బండి కూత వినబడగానే వీధిలో మిషన్లన్నీ ఆగిపోయేవి. మా వసారాలో అత్త మూట విప్పేది. కొత్తగుడ్డ గంజి వాసన గుప్పుమనేది. నగరంలో జనం ఏం రంగు వేసుకోబోతున్నారో వాళ్ళకంటే ముందు మాకు తెలిసేది. ఒక ఏడాదంతా ఊదారంగే. ఇంకో ఏడాది గళ్ళు. ఆ గళ్ళు మొన దగ్గర కలవక మా తల ప్రాణం తోకకొచ్చింది. మూటతోపాటు సూదులూ, మిషన్ బెల్టులూ, ఎదురింటి పిన్ని మోకాళ్ళకు మందూ, నగరం కబుర్లూ వచ్చేవి. ముక్కలు పంచుకుంటూ, ఒకరినొకరు ఎగతాళి చేసుకుంటూ గంటసేపు కూర్చునేవాళ్ళం. జీవితంలో అంత హాయిగా మళ్ళీ ఎప్పుడూ కూర్చోలేదు, నిజం చెప్తున్నాను.

ఈలోగా ఊరు మారుతూ వచ్చింది. మా వీధికి నంబరిచ్చారు. మా ఇంటి అడ్రసు చివర నగరం పేరు చేర్చమని పోస్ట్‌మాన్ చెప్తే మా అమ్మ రెండు రోజులు అతనితో మాట్లాడలేదు. ఐదు ఊళ్ళనూ చుట్టి పెద్ద రోడ్డు వేశారు. ఆ రోడ్డు పక్కనే, మా ఇంటికి పావుగంట దూరంలో, మాకు ముక్కలు పంపే చొక్కాల కంపెనీవాళ్ళు ఇంత పొడుగు షెడ్డు కట్టారు. కత్తిరించడం నుంచి ఇస్త్రీ దాకా అన్నీ అందులోనేనని చెప్పుకున్నారు. మేం పట్టించుకోలేదు. మా మూట మాకొస్తోంది కదా!

ఒకరోజు అత్త మూట విప్పకుండా మమ్మల్నందరినీ కూర్చోమంది.

"ఇక మూటలు రావు. వచ్చే సోమవారం అందరం షెడ్డుకి పోతున్నాం. పరీక్ష పెడతారంట. నెగ్గితే నెల జీతం, జబ్బు చేస్తే సెలవు, అన్నీ ఉంటాయి."

"నెగ్గకపోతే?" అంది ఎదురింటి పిన్ని.

"నెగ్గాలి," అంది అత్త.

నేను ఒంటికాలి మీద లేచాను. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు, ముక్కు మీద కోపం. ఇల్లు దాటి ఎరగనివాళ్ళు సగంమంది, పిన్నికి మోకాళ్ళు వంగవు, వీళ్ళందరూ కరెంటు మిషన్ల మీద పరీక్ష నెగ్గుతారా? పరీక్ష పోతే ఇన్ని ఇళ్ళ పొయ్యిల్లో నీళ్ళు పోసినట్టే.

"మోసి మోసి నీకు విసుగొచ్చింది. అందుకే మమ్మల్ని తీసుకెళ్ళి అక్కడ పడేస్తున్నావు," అన్నాను అందరి ముందూ.

"అవునే, విసుగే. నడుం నొప్పి కూడా. చాలా?" అంది. నేను ఆ వారమంతా ఆమెతో మాట్లాడలేదు.

సోమవారం వెళ్ళాం. ఆ మిషన్లు ముట్టుకుంటే చాలు పరుగులు తీస్తున్నాయి. నా ఈడు మేనేజర్, ఆయన పక్కన కట్టింగ్ మాస్టర్. మాస్టర్ ముసలివాడైపోయి నగరంలోని పాత గది నుంచి ఇక్కడికి మారాడు. మా ఒక్కొక్కరి ముందూ ఒక జత కఫ్‌లకు సరిపడా ముక్కలు పెట్టారు. చేతి చివర వచ్చే కఫ్. మూలలు గుండ్రంగా తిరగాలని చాక్‌పీసుతో గీత కూడా గీసే ఉంది. గంట టైము.

పెద్ద పనేం కాదనుకున్నాం. రెండేసి ముక్కలు, మధ్యలో కాన్వాసు, అచ్చం మా పనిలాగే ఉంది. తలొంచుకుని కుట్టేశాం. గంట కొట్టారు. మేనేజర్ వరసగా చూసుకుంటూ వచ్చాడు. చూస్తున్నకొద్దీ మొహం మారిపోతోంది. చివరికి నాది పట్టుకుని పైకెత్తాడు.

"దీన్ని చేతికి తొడుక్కోవాలా, మెడకా?"

అప్పుడు చూసుకున్నాను. గుండ్రంగా తిరగాల్సిన మూల సూదిలా పొడుచుకొచ్చి ఉంది. పక్కకు చూశాను, పిన్నిదీ అంతే. వెనక్కి చూశాను, మా అమ్మదీ అంతే. ఇరవై రెండుమంది, నలభై నాలుగు కఫ్‌లు, అన్నిటికీ మొనలే! గీత ఎవరూ చూడలేదు. వెదురుపుల్లలు కూడా ఇంటి నుంచి తెచ్చుకుని మరీ తోశాం. కట్టింగ్ మాస్టర్ కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వాడు. నేను మాత్రం అయిపోయింది, ఇక ఇంటికే అనుకున్నాను.

మేనేజర్ నవ్వలేదు. గోడవారగా నిలబడ్డ అత్త దగ్గరికి వెళ్ళాడు.

"అమ్మా, నేను ముందే చెప్పాను కదా. మీరున్నన్నాళ్ళూ మీ ఊరికి మూటలు ఎప్పట్లాగే పంపిస్తానన్నాను. మీరే వద్దన్నారు. ఇప్పుడు చూడండి."

మేమందరం విన్నాం. ఇక మూటలు రావని మాతో చెప్పింది కంపెనీ మాట కాదు, అత్త మాట.

"అన్నావు బాబూ, కాదన్లేదు," అంది అత్త. "నేనున్నన్నాళ్ళూ అన్నావు. నాకు అరవై రెండు. ఏ ప్లాట్‌ఫారం మీదో నేను కూలబడిన రోజు ఇరవై రెండు మిషన్లూ ఆగిపోవాలా? అప్పుడొచ్చి అడిగితే ఈ తలుపు తీస్తావా?"

అత్త ఇంకో కఫ్ తీసి మేనేజర్ చేతిలో పెట్టింది.

"వీళ్ళకి కఫ్ రాదు, ఒప్పుకుంటా. తప్పే. కానీ ఆ మొన మీద వేలు పెట్టి చూడు. ఒక్కటి మొద్దుగా ఉందేమో చూడు. ఉంటే ఇప్పుడే తీసుకుపోతా అందర్నీ."

ఆయన నిజంగానే వేలు పెట్టి చూశాడు. ఒకటి, రెండు, పది. కట్టింగ్ మాస్టర్ కళ్ళు తుడుచుకుని ముందుకొచ్చాడు.

"సార్, మన కాలర్ టేబుల్ దగ్గర పదింటికి నాలుగు పాడవుతున్నాయి. ఈవిడ తెచ్చినవాటిల్లో ముప్పై ఏళ్ళలో నేను వెనక్కి పంపినవి వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు."

కాలర్ టేబుల్ మాకిచ్చారు. మూడు నెలల్లో కఫ్‌లు కూడా నేర్చుకోవాలన్నారు. పిన్ని అక్కడికక్కడే కూర్చుని ఏడ్చేసింది. గుమాస్తా మా పేర్లు వరసగా రాసుకున్నాడు. ఇరవై రెండూ అయ్యాక తలెత్తి అత్తను చూశాడు.

"మీరేం పని చేస్తారమ్మా?"

"నేనా? మోస్తాను."

"ఎక్కణ్ణుంచి ఎక్కడికి?"

వెటకారానికి అనలేదు అతను. మామూలుగానే అడిగాడు. కట్టింగ్ బల్లకూ కాలర్ టేబుల్‌కూ మధ్య పది అడుగులు. ఆ పది అడుగులూ ముక్కల్ని ఒక చక్రాల బల్ల మోస్తోంది. అత్త దాన్ని అటూ ఇటూ తోసి చూసింది. "బాగుందే, నడుం నొప్పి లేదు దీనికి," అని నవ్వి, మా ఖాళీ అన్నం డబ్బాలన్నీ పోగుచేసుకుని బయటికి నడిచింది. ఇక్కడ తనకు పని ఉండదని ఆమెకు ముందే తెలుసు. తెలిసే మమ్మల్ని తీసుకొచ్చింది.

రెండు రోజులు నాకు ఆమె మొహం చూసే ధైర్యం లేకపోయింది. మూడో రోజు పొద్దున గుమ్మం దగ్గర పట్టుకున్నాను.

"అత్తా, నాది ఒట్టి నోటిదూల."

"కొత్తగా చెప్తున్నావా?" అంది చెప్పులు వేసుకుంటూ.

"ఎక్కడికి పొద్దున్నే?"

"బండికి. నెల పాసు ఇంకా పదకొండు రోజులుందే. పారేస్తామా?"

నిజంగానే వెళ్ళింది. మేం షెడ్డుకి వెళ్ళేముందే ఐదూ నలభై బండికి ఖాళీ చేతులతో వెళ్ళేది, రెండున్నర బండికి ఖాళీ చేతులతో వచ్చేది. పిచ్చిగానీ పట్టిందా అని అమ్మ గోల. పాసు ఆఖరి రోజు ఆదివారమైంది. నేనూ టికెట్ కొనుక్కుని వెంట వెళ్ళాను.

పెట్టెలో కిటికీ పక్క సీటు పట్టుకుంది. ఇన్నాళ్ళూ తలుపు దగ్గర మూట పక్కనే కూర్చునేదట, ఎవరైనా తొక్కుతారని మూట మీంచి చూపు తిప్పేది కాదట. బండి కదిలింది.

"మన ఊరు ఎక్కడ అయిపోతుందో, నగరం ఎక్కడ మొదలవుతుందో చూద్దామని వారం నుంచీ వస్తున్నానే. నా కళ్ళకి ఆనట్లేదు. నీ కళ్ళు మంచివి, నువ్వు చూసి చెప్పు."

చూశాను. ఇళ్ళు, దుకాణాలు, గోడౌన్లు, మళ్ళీ ఇళ్ళు. ఆరేసిన బట్టలు, నీళ్ళ ట్యాంకులు, బడి గోడ, మళ్ళీ దుకాణాలు. రెప్ప వెయ్యకుండా చూశాను. నగరం స్టేషన్లో బండి ఆగింది.

"ఎక్కడైనా కనబడిందా?"

"లేదత్తా."

"అయితే నా కళ్ళ తప్పు కాదన్నమాట," అంది. "ఊరి నుంచి ఊరికి ఇంత దూరం మోస్తున్నా, మోస్తున్నా అనుకునేదాన్నే."

నాకు ఏడుపు ఆగలేదు. అందరూ దిగిపోతున్నారు, నేను సీటు మీదే వెక్కివెక్కి ఏడుస్తున్నాను. అత్త నా వీపు మీద ఒక్కటి చరిచింది.

"లెగు. దిగి ఎటు పోవాలో నువ్వే చెప్పాలి. ఈ స్టేషనూ, మాస్టర్ గదీ తప్ప ఈ ఊళ్ళో నేనేం చూడలేదు."